సముద్రానికి సమ్మె నోటీసు

స్వరాజ్ ద్వీప్, అండమాన్
6 జనవరి 2025

తాతా,

ఫోన్‌లో నువ్వు వినలేవు, నేను మాట్లాడలేను. కాబట్టి ఉత్తరం. ఇక్కడి పోస్టాఫీసులో స్టాంపులు అడిగితే గుమాస్తా తలెత్తి నన్ను రెండుసార్లు చూశాడు. ఈ మధ్య ఎవరూ అడగడం లేదట.

నేను క్షేమం. గదిలో ఫ్యాను ఉంది, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఉద్యోగం గురించి బాపు నీకు ఎంత చెప్పాడో, నువ్వు ఎంత విన్నావో తెలియదు. పగడపు దిబ్బల సర్వేలో సహాయకురాలిని. నీళ్ల కిందికి దిగి ఏ పగడం బతికి ఉంది, ఏది తెల్లబడిపోయింది, చుట్టూ ఏ చేపలు తిరుగుతున్నాయి, అన్నీ పలక మీద రాసుకుని పైకి రావాలి. తడిసినా చెరగని పలక. కరీంనగర్‌లో ఎం.ఎస్సీ. చదివినప్పుడు నా జంతుశాస్త్రమంతా సీసాల్లో ఉండేది. ఇక్కడ అది కదులుతోంది.

అయితే ముందు డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నేర్పేది మమతారాణి గారు. బెంగాలీ ఆవిడ, డైవింగ్ సెంటరు ఆవిడదే. అందరూ దీదీ అంటారు. హిందీ మాట్లాడతారు, అదీ తక్కువ. అందుకే నచ్చారు.

వీపు మీద గాలి సిలిండరు, నడుముకి సీసపు బరువులు, కాళ్లకి రబ్బరు రెక్కలు, కళ్లనీ ముక్కునీ కప్పే అద్దం. నోట్లో రబ్బరు ముక్క కరిచిపట్టుకుని నోటితోనే ఊపిరి తీసుకోవాలి. నోరు ఖాళీ లేదు కాబట్టి ఎవరూ మాట్లాడరు, మాట్లాడించరు. "ఏం పిల్లవమ్మా, ఒక్క మాటా మాట్లాడవు" అనే మనిషి నీళ్ల కింద ఒక్కరూ లేరు. ఇన్నాళ్లూ తప్పు చోట ఉన్నాననిపించింది.

చిలకచేప అని ఒకటుంది. ముక్కు చిలక ముక్కే. పగడాన్ని కటకటా కొరికి తింటుంది, కాసేపటికి వెనక నుంచి తెల్లటి ఇసుక వదులుతుంది. ఇక్కడి బీచ్‌లో ఇసుక చాలావరకు దాని పుణ్యమే. కొత్త జంటలు దాని మీద పడుకుని ఫోటోలు దిగుతున్నారు. నేనేమీ చెప్పలేదు.

బాపు మాట గుర్తుందిగా. మార్చి నెలాఖరుకి సర్టిఫికెట్ రాకపోతే ఇంటికొచ్చి బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాలి. కౌంటర్ వెనక కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనుషులతో మాట్లాడే ఉద్యోగం. బాపు అది నా మంచికే అనుకుంటున్నాడు. నువ్వు కాస్త నా వైపు ఉండు.

నీ
ఉమ

*

శ్రీరాంపూర్
18 జనవరి 2025

చిరంజీవి ఉమారాణికి, బుచ్చిరాములు, మాజీ బ్రాంచి కార్యదర్శి, రాయునది ఏమనగా,

నీ జాబు ముట్టింది. మనసులనే చదువుకున్న. ఎవ్వలకు చెప్పలే. అయినా గా చిలకచేప ముచ్చట మన క్వార్టర్ల లైన్ మొత్తానికి ఎట్ల తెలిసిందో సమజైతలేదు. పొద్దుగాల సారక్క చాయ బండి కాడికి పోతే, "ఏం మామా, గా చేప ఇసుక దొడ్డికి పోతదట గదా" అన్నది. నేను నోరు తెరిస్తే ఒట్టు.

అంబదాస్ నీకు ఎరికే. ఆదిలాబాద్ దిక్కోడు, నాతోనే బొగ్గుబాయిల దిగి నాతోనే రిటైరైనోడు. గాయనకు నిద్ర పడ్తలేదు. "అరే బాబా, ఒక్క చేప షిఫ్టుకు ఎంత ఇసుక తీస్తది?" అని నా పానం తింటుండు. ఎందుకంటే, బొగ్గు తీసినంక లోపట ఖాళీ అయిన జాగల ఇసుక నింపేది గదా. గోదారి ఇసుకంత గట్లనే పాయె. గా చేపలను నాలుగు జతలు తెచ్చి గోదాట్ల ఇడిస్తే ఎట్లుంటదని అంబదాస్ ఆలోచన. ఉప్పు నీళ్ల చేప అని సారక్క అన్నది. ఉప్పు మేం ఏస్తం అన్నడు.

ఇగ అసలు ముచ్చట. నువ్వు ఇన్ని రాసినవు గని సేఫ్టీ గురించి ఒక్క ముక్క రాయలే. పైకప్పు ఎట్లున్నది? దిగేముందు కర్రతోని కొట్టి సప్పుడు చూస్తున్నరా? మేం దిగేటప్పుడు ఇత్తడి బిళ్ల తీసుకపోయి, ఎక్కినంక మళ్ల అప్పజెప్పేది. బిళ్ల తక్కువైతే మనిషి లోపటనే ఉన్నట్టు. మీకు బిళ్లలున్నయా? బాయి మీద మైసమ్మకు మొక్కకుండ నేను ఒక్కనాడు దిగలే. గక్కడ ఏ తల్లి ఉన్నది?

మీ బాపు నా కొడుకే గని మొండోడు. మార్చి అంటే మార్చే అంటుండు. "నా మనవరాలు నెల తిరిగెవరకు పాసైతది, కాకపోతే నేనే పోయి తోలుకొస్త" అని మాటిచ్చిన. నా మాట నీ చేతుల ఉన్నది బిడ్డా. జర పైలం.

ఇట్లు,
మీ తాత, బుచ్చిరాములు (రిటైర్డ్)

*

స్వరాజ్ ద్వీప్
31 జనవరి 2025

తాతా,

పైకప్పు నీళ్లే. కూలే భయం లేదు, అది ఎప్పుడూ కూలే ఉంటుంది. బిళ్లలు లేవు. దిగేముందూ ఎక్కాకా దీదీ తలలు లెక్కపెడతారు. పడవ ముందు భాగంలో కాళీమాత పటం ఉంది, మందార పువ్వు పెడతారు. నేను మైసమ్మే అనుకుని దండం పెట్టుకుంటున్నాను. చిలకచేప గోదాట్లో బతకదు, అంబదాస్ తాతకి మెల్లగా చెప్పు.

ఇక ఇది నీకొక్కడికే. నువ్వు నెలలో పాసవుతానని మాట ఇవ్వకుండా ఉండాల్సింది.

ఒక పరీక్ష ఉంది. నీళ్ల అడుగున ఇసుక మీద మోకాళ్లపై కూర్చోవాలి. ముఖం మీది అద్దం పూర్తిగా తీసేయాలి. నోటితో ఊపిరి తీస్తూ ఒక నిమిషం అలాగే ఉండాలి. తర్వాత అద్దం పెట్టుకుని, పై అంచు నొక్కి, ముక్కుతో గట్టిగా ఊదితే లోపలి నీళ్లు బయటికి పోతాయి. పుస్తకంలో నాలుగు బొమ్మలున్నాయి. నాలుగు బొమ్మల్లోనూ మనిషి నవ్వుతున్నాడు.

నేను రెండుసార్లు ఫెయిలయ్యాను. అద్దం జరగగానే నీళ్లు ముక్కుకి తగులుతాయి. అంతే, నేను చదివిందంతా ముక్కు మర్చిపోతుంది. మొదటిసారి రాకెట్టులా పైకి లేచాను, దీదీ కాలి రెక్క పట్టుకుని కిందికి లాగారు. రెండోసారి అద్దం తీయకుండానే బొటనవేలు పైకెత్తాను. నీళ్ల కింద బొటనవేలు ఎత్తడమంటే "పైకి వెళ్లిపోదాం" అని. దీదీ పైకి వచ్చాక ఒకటే అన్నారు: "ఏ చేపో తోక తగిలించి అద్దం ఊడగొడితే ఏం చేస్తావు? అందుకే నేర్చుకోవాలి." తర్వాత టీ ఇచ్చారు.

ఆదివారం బాపు ఫోన్ చేస్తే "తిన్నావా" అన్నాడు. "తిన్నాను" అన్నాను. "ఎట్ల నడుస్తుంది" అన్నాడు. "నడుస్తుంది" అన్నాను. అబద్ధం కాదు కానీ నిజమూ కాదు.

ఈ పరీక్ష దాటకపోతే సర్టిఫికెట్ లేదు, సర్వే లేదు, పలక లేదు. ఫెయిలయ్యానని బాపుకి తెలిస్తే మార్చి దాకా కూడా ఆగడు. అందుకని ఇది మనిద్దరి మధ్యే ఉండాలి తాతా. దయచేసి.

నీ
ఉమ

*

శ్రీరాంపూర్
12 ఫిబ్రవరి 2025

బిడ్డ ఉమారాణికి, తాత అత్యవసరముగా రాయునది,

నీ జాబు మనసులనే చదివిన. మూడుసార్లు చదివిన. మూడోసారికి గోడ అవతల మీ బాపు దగ్గిండు. చలికాలం గదా.

నా రగతం ఉడుకుతుంది. మొకం మీది అద్దం తియ్యమంటరా? నీళ్ల అడుగున? బాయిల ముప్పై ఆరేండ్లు చేసిన. హెల్మెట్ తియ్యుమన్న ఆఫీసర్‌ను నేను చూడలే. తీస్తే జుర్మానా ఏసేది! గీడ ఏకంగా తీయకుంటే ఫెయిలట! నేను ఎవ్వలకూ చెప్పలే గని, సాయంత్రం సారక్క బండి కాడికి పోయెవరకు అందరు గిదే మాట్లాడుతున్నరు. అంబదాస్ గ్లాసు కింద కొట్టి, "ఊకుంటే ఇయ్యాల అద్దం అంటరు, రేపు గాలి డబ్బ అంటరు" అన్నడు. గది కరెక్టే అనిపిచ్చింది.

గందుకే మేం సక్రమంగా, రూల్ ప్రకారం పోయినం. డైవింగ్ సెంటర్ యాజమాన్యానికి డిమాండ్ల నోటీసు పంపినం. నాలుగు పేజీలు. నలభై మందికి పైన సంతకాలు పెట్టిన్రు, పెట్టరానోళ్లు వేలిముద్రేసిన్రు. ముఖ్యమైనవి చెప్తున్న. అద్దం తీయించుడు తక్షణం బంద్ చెయ్యాలె. తప్పనిసరైతే అద్దం అలవెన్సు ఇయ్యాలె. నీళ్ల అడుగున కూడ చాయ టైం ఉండాలె. ఎక్కినంక ఒళ్లు తుడుసుకునేతందుకు ఏడాదికి రెండు తువ్వాలలు, నెలకు ఒక సబ్బు. తువ్వాల పాయింటు సారక్క పెట్టింది.

పదిహేను దినాలల్ల ఒప్పుకోకపోతే సమ్మె. గక్కడ కార్మికురాలివి నువ్వు ఒక్కదానివే గనుక సమ్మె నువ్వే చెయ్యాలె. మేం ఇక్కడ సంఘీభావంగ ఒక పూట చాయ బంద్ పెడ్తం.

మీ బాపు సంతకం పెట్టలే. "ఫెయిలైందా?" అని ఒక్కటే అడిగిండు. నేను నోరిప్పలే. నీ ముచ్చట నా గుండెల భద్రంగ ఉన్నది.

పోరాట అభినందనలతో,
మీ తాత, కన్వీనర్, అద్దం కమిటీ

*

స్వరాజ్ ద్వీప్
3 మార్చి 2025

తాతా,

మీ నోటీసు అందింది.

ఎలా అందిందో చెబుతాను. శనివారం దీదీ ఒక మందపాటి కవరు పట్టుకుని వచ్చారు. "ఇది ఏ భాషో చూడు" అన్నారు. ఈ బీచ్‌లో తెలుగు చదవగలిగింది నేను ఒక్కదాన్నే. పైన ఎర్ర సిరాతో "హెచ్చరిక" అని ఉంది. కింద గీత. గీత కింద ఇంకో గీత. అది నీ చేతిరాతే.

"చదివి చెప్పు" అన్నారు దీదీ. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఏడో తరగతిలో సిస్టర్ గారు నన్ను వేదిక మీద నిలబెట్టి పాఠం చదివించారు. మళ్లీ అంత చెమట పట్టింది ఇప్పుడే. నా తరఫున నేనే నా యజమానిని బెదిరిస్తూ హిందీలో చదవాలి. మొదటి వాక్యం "కార్మికుల ప్రాణాలతో చెలగాటమాడే యాజమాన్యానికి". దాన్ని మనసులోనే రెండుసార్లు చదివాను. తర్వాత నా నోట్లోంచి వచ్చింది ఇది: "మా తాత మీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నాడు."

"నాలుగు పేజీలా?" అన్నారు దీదీ.

"వివరంగా అడిగాడు."

ఆవిడ పేజీలు తిప్పారు. "మరి ఈ సంతకాలన్నీ ఎవరివి?"

"వాళ్లు కూడా మీ ఆరోగ్యమే అడుగుతున్నారు."

"ఈ వేలిముద్రలు?"

"రాయడం రాకపోయినా అడగాలనిపించిన వాళ్లు."

దీదీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఈ సెంటరు నడుపుతున్నారట. ఎన్నో ఊళ్ల నుంచి మనుషులు వచ్చి వెళ్లారట. ఒక్కరి ఇంటివాళ్లు కూడా ఆవిడ ఎలా ఉన్నారని అడగలేదట. అప్పటికప్పుడు కూర్చుని మీకు జవాబు రాసి స్పీడ్ పోస్టులో పంపారు. ఏం రాశారో నాకు చూపించలేదు.

నాకు నిజం చెప్పాలని ఉంది. నోరు తెరిస్తే టీ తాగడానికే తెరుచుకుంటోంది. అందుకని నీకు చెబుతున్నాను. దీదీ నుంచి ఏ ఉత్తరం వచ్చినా దానికి అర్థం మీరు అనుకునేది కాదు. మీరు ఇంకేమీ పంపకండి. అద్దం తీయించడం తప్పు కాదు తాతా, ఆవిడ నా ప్రాణం కోసమే నేర్పుతున్నారు. చేతకానిది నాకు.

మూడో ప్రయత్నంలో అద్దం సగం తీశాను. ఈ నెల ఇరవై తొమ్మిదిన ఆఖరి పరీక్ష. అదీ పోతే టికెట్ కొనుక్కోవడమే.

ఇంకొక్కటి. నా ఉత్తరాలు మనసులో చదువుకునేటప్పుడు కిటికీ మూసుకో.

నీ
ఉమ

*

శ్రీరాంపూర్
10 మార్చి 2025
(స్పీడ్ పోస్టు)

బిడ్డా,

నీ జాబు ఇంక రాలే గని యాజమాన్యం జాబు వచ్చింది! హిందీల ఉన్నది. అంబదాస్ మరాఠీ బడిల చదివినోడు గదా, అదే అక్షరాలంటడు, గడగడ చదివిండు. "మీ అందరి ప్రేమకు నా కండ్ల నీళ్లు తిరిగినయి. ఎప్పుడన్న రండ్రి, కూసొని మాట్లాడుకుందాం, మీకు ఏ లోటూ రానియ్య" అని రాసింది.

ముప్పై ఆరేండ్ల సర్వీసుల గింత జల్ది దిగొచ్చిన యాజమాన్యాన్ని నేను చూడలే. కండ్ల నీళ్లట! "కాయ్ జాలా, ఏమైందామెకు, గంత భయపడ్డదా?" అని అంబదాస్‌కే ఆమె మీద జాలైంది. ఏమైనా చర్చలకు పిలిచినంక పోకపోతే మన తప్పైతది. సారక్క చాయ బంద్ కూడ వాయిదా ఏసింది.

ఇద్దరు సభ్యుల బృందం పోవాలని తీర్మానమైంది. నేను, అంబదాస్. పదమూడు తారీఖు రైలు. మద్రాసు పోయి గక్కడ ఓడ ఎక్కుతం. మీ అమ్మ సకినాలు చేస్తుంది. యాజమాన్యానికి ఇయ్యం, నీకే.

మీ బాపు "ఏందే గీ కత" అని నెత్తి పట్టుకున్నడు. "నువ్వు పాసు చేపియ్యవోతున్నవా, తోలుకరావోతున్నవా?" అన్నడు. రెండిట్ల ఏదో ఒకటి అని చెప్పిన. గాయన కూడ ఇరవై తొమ్మిది తారీఖు అనుకుంట తిరుగుతుండు. గా తారీఖుల ఏమున్నదో నాకైతే తెల్వది.

చర్చలల్ల తర్జుమా నువ్వే చెయ్యాలె. గట్టిగ చెయ్యాలె.

ఇట్లు,
మీ తాత, బృంద నాయకుడు

*

స్వరాజ్ ద్వీప్
17 మార్చి 2025

తాతా,

రాకండి.

ఇరవై తొమ్మిదో తేదీ బాపుకి అంతకుముందు ఆదివారమే నేను చెప్పాను. నిన్న నిజం కూడా చెప్పాను, ఫెయిలయ్యానని. "తెలుసు" అన్నాడు. ఎలా తెలుసో చెప్పలేదు. నువ్వు బయల్దేరి నాలుగు రోజులైందని కూడా ఆయనే చెప్పాడు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఊరికే కూర్చోలేకపోతున్నాను. ఇది చదివేసరికి నువ్వు ఇక్కడికి వచ్చి వెళ్లి ఉంటావు.

దీదీ మీ కోసం గెస్టు గదికి సున్నం వేయిస్తున్నారు.

ఉమ

*

మద్రాసు రేవు
20 మార్చి 2025

బిడ్డా,

ఓడ రేపు, అంతకుముందు దానికి టికెట్ దొరకలే. లాడ్జిల కూసొని రాస్తున్న. గీ జాబు ముందు వస్తదో నేను ముందు వస్తనో చూద్దాం.

సముద్రం చూసిన. మస్తుగున్నది. అంబదాస్ బూట్లిడిచి, "చల్" అని దిగవోయి, మళ్ల నిలబడి, "ఇక్కడ చిలకచేపలు ఉన్నయా?" అని పోలీసాయనను అడిగిండు. ఇసుక మీద చెప్పులు లేకుండ నడువద్దని తీర్మానించుకున్నం.

చర్చలల్ల నేను ముందు గరంగ మాట్లాడుత. తర్వాత అంబదాస్ నరంగ, అంటే మెత్తగ, మాట్లాడుతడు. గది మా పద్ధతి. నువ్వు నా మాటను గరంగనే తర్జుమా చెయ్యి. జర సిగ్గు పక్కకు పెట్టు.

నీ తాత

*

శ్రీరాంపూర్
9 ఏప్రిల్ 2025

బిడ్డ ఉమారాణికి, తాత రాయునది ఏమనగా,

క్షేమంగ ఇల్లు చేరినం. ఓడల అంబదాస్ మూడు దినాలు ఏం తినలే. దిగంగనే మూడు దినాలది ఒక్కపారే తిన్నడు.

ఇంటికొచ్చెవరకు నీ జాబులు రెండు అలమారిల పెట్టి ఉన్నయి. కిటికీ మూసి చదివిన. ఉక్కపోసింది. చదివినంక అంబదాస్‌ను పిలిచి మళ్ల చదివిన.

గిప్పుడు ఒక్కొక్కటి సమజైతుంది. నేను బల్ల గుద్ది, "కార్మికుల ప్రాణాలతోని ఆటలాడుడు ఇగ నడువది" అంటె, ఆమె నవ్వుకుంట నా పళ్లెంల ఇంకో చేప ముక్క ఎందుకు ఏసిందో. "డిమాండ్లు ఒప్పుకునేదాక నీ ఇంట్ల మంచినీళ్లు ముట్టం" అంటె, కొబ్బరిబోండాలు ఎందుకు తెప్పిచ్చిందో. అంబదాస్ నరంగ మాట్లాడుదామని నోరు తెరిచేటాలకే ఆమె గాయన చేతుల కొత్త తువ్వాల ఎందుకు పెట్టిందో. మేం దాన్ని తువ్వాల పాయింటు పాసైనట్టే లెక్కేసినం! ఒప్పందం కాగితం ముంగట పెడితే సదువకుండ సంతకం పెట్టి, కింద పువ్వు బొమ్మ కూడ గీసింది. ఏ యాజమాన్యమన్న పువ్వు గీస్తదా? గప్పుడే నాకు అనుమానం రావాలె.

ఏం తర్జుమా చేసినవే! నా జిందగీల గింత మంచిగ జరిగిన చర్చలు లేవు.

కోపం లేదు బిడ్డా. ఆమె మంచి మనిషి. మాకు దుప్పట్లు కప్పింది. కాగితం మాత్రం ఫ్రేము కట్టించి బండి కాడ పెట్టినం. లోపట ముచ్చట సారక్కకు చెప్పలే. చెప్పకున్నా ఆమెకు ఎరికే.

నువ్వు పంపిన సర్టిఫికెట్ ఫోటోను మీ బాపు ఫోన్ల పెద్దగ చేసి నాకు చూపిచ్చిండు. నాకు ఇంగ్లీషు రాదు గని నీ పేరు గుర్తుపట్టిన. నేను "మరి కోచింగ్?" అంటే, చానాసేపు బూట్లు తుడుసుకుంట కూసున్నడు. ఆఖరికి "ఉండనీ" అన్నడు. ఇంక కొద్దిసేపైనంక, "ఫోన్ల మాత్రం జర ఇంకో రెండు మాటలు ఎక్కువ మాట్లాడుమను" అన్నడు. గంతే.

అన్నీ సమజైనయి గని ఒక్కటి కాలే. గా ఇరవై తొమ్మిది నాడు నువ్వు దిగినవు, మేం పడవలనే ఉన్నం. కింద ఏమైందో నాకు ఎవ్వలూ చెప్పలే. నువ్వు ఎక్కినవు, నోట్లది తీసినవు, నా దిక్కు చూసి ఏదో ఒర్లినవు. పడవ ఇంజన్ సప్పుడుల నాకు ఒక్క ముక్క ఇనపడలే. చుట్టుపక్కల పడవలల్ల ఉన్నోళ్లందరు ఇటు మళ్లి చూసిన్రు. మీ దీదీ కూడ నోరు తెరిచింది. నువ్వు ఒర్లుడు నేను పుట్టినకాడ్నుంచి చూడలే.

ఏమన్నదిరా అంటె అంబదాస్ చెప్తలేడు. "అరే బాబా, నా నోటితోని నేను అనలేను, బిడ్డనే అడుగు" అంటుండు. గందుకే అడుగుతున్న. ఏమన్నవు?

ఇట్లు,
మీ తాత

*

స్వరాజ్ ద్వీప్
21 ఏప్రిల్ 2025

తాతా,

అడిగావు కాబట్టి మొత్తం చెబుతాను.

దిగాను. ఇసుక మీద మోకాళ్లపై కూర్చున్నాను. పక్కన పెద్ద పగడం, మెదడు ఆకారంలో ఉండేది. దాని చుట్టూ పసుపు చేపలు. దీదీ ఎదురుగా కూర్చుని చేత్తో సైగ చేశారు: తీయి. నేను తల అడ్డంగా ఊపాను. మళ్లీ సైగ చేశారు. నేను బొటనవేలు ఎత్తడానికి సిద్ధమయ్యాను.

అప్పుడు మొదలైంది. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

నీళ్లలో శబ్దం ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు తాతా. అది నా తలకాయలోంచే వస్తున్నట్టుంది. పసుపు చేపలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. పైకి చూస్తే పడవ అడుగు, దాని అంచున నువ్వు సగం బయటికి వంగి, నీ కర్రతో పడవను కొడుతున్నావు. పైకప్పు పరీక్షిస్తున్నావని నాకు అర్థమైంది. పక్కన అంబదాస్ తాత పిడికిలి ఎత్తి దించుతున్నాడు. నినాదం వినబడలేదు. కానీ పిడికిలి తెలుస్తోంది.

దీదీ పైకి చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆ అద్దంలోంచి ఆవిడ కళ్లు అడుగుతున్నాయి: వీళ్లేం చేస్తున్నారు?

మూడు రోజులు తర్జుమా చేశాను. మీ కోపాన్ని పొగడ్తలు చేశాను, మీ నిరాహార దీక్షని దాహం చేశాను. దీన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆవిడ కళ్లు నా మీదే ఉన్నాయి. నన్ను అలా చూసి జవాబు కోసం ఆగే కళ్లంటే నాకు ఎంత భయమో నీకు తెలుసు. ఇంకెక్కడికీ పారిపోయే దారి లేదు.

అద్దం తీసేశాను.

ఆవిడ ముఖం కనబడకుండా పోయింది తాతా. నువ్వూ లేవు, పిడికిలీ లేదు, పడవా లేదు. అంతా నీలం, మధ్యలో దీదీ ఉన్న చోట ఒక నల్లటి మరక. ఆ మరక ఏమీ అడగడం లేదు. ప్రపంచంలో ఎవరికీ ముఖం లేదు. ముక్కుకి నీళ్లు తగిలాయి. తగలనీ అనుకున్నాను. నోటితో ఊపిరి తీసుకున్నాను. బుడగలు చెంపల మీదుగా పైకి పోతుంటే చక్కిలిగింతలు పెట్టినట్టుంది. అక్కడే ఉండిపోవచ్చు అనిపించింది.

నిమిషం ఎప్పుడో అయిపోయిందట. దీదీ నా చేతి మీద తట్టారు. నేను కదల్లేదు. రెండోసారి తట్టారు. మూడోసారి అద్దాన్ని నా చేతిలోంచి తీసి నా ముఖానికి ఆవిడే ఆనించారు. నేను పై అంచు నొక్కి ముక్కుతో ఊదాను. నీళ్లు పోయాయి. ఆవిడ ముఖం మళ్లీ వచ్చింది. నవ్వుతోంది. పుస్తకంలో బొమ్మలా.

నువ్వు ఇంకా కొడుతూనే ఉన్నావు.

పైకి వచ్చేసరికి నువ్వు అంచు మీంచి వంగి, మన కాలనీ దాకా వినబడేలా అడుగుతున్నావు: "అద్దం తీయించిన్రా బిడ్డా? తీయించిన్రా? చెప్పు, ఇప్పుడే సమ్మె!" పక్క పడవల్లో టూరిస్టులు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు.

నీకు వినబడాలంటే ఎంత గట్టిగా అరవాలో నాకు తెలుసు. ఇరవై నాలుగేళ్లలో ఎప్పుడూ అరవలేదు. నోట్లోది తీసి, ఊపిరి నిండా పీల్చుకుని, అరిచాను. అయినా నీకు వినబడలేదట. కాబట్టి రాస్తున్నాను. కిటికీ తెరుచుకునే చదువుకో, లైన్ మొత్తం వింటే విననీ.

"ఎవ్వలూ తీయించలే తాతా! నేనే తీసిన! జర గా కర్ర ఆడ పడేసి, నోర్మూసుకొని కూసో!"

నీ
ఉమ